సభ్యత్వం

సంఘం అనే మాట వినగానే అమెరికాలో ఉండే తెలుగువాడికి మూడు సంగతులు గుర్తొస్తాయి: భోజనాల దగ్గర లైను, ఎన్నికల గొడవ, ఆ వెనకే చీలిక. ఒక సంఘం రెండవుతుంది, రెండు మూడవుతాయి, మూడింటికీ ఒకే వారాంతంలో ఉగాది వస్తుంది. అలాంటి మనకి, నూట ముప్ఫై ఏళ్ళు దాటిన ఒక సంఘమూ దానికన్నా పదేళ్ళు చిన్నదైన ఇంకో సంఘమూ ఒకే రంగంలో పక్కపక్కన నడిచి నడిచి, చివరికి 2016లో కలిసి ఒక్కటయ్యాయంటే నమ్మబుద్ధి కాదు. అవి పక్షి శాస్త్రవేత్తల సంఘాలు. పెద్దది న్యూయార్కులో పుట్టిన అమెరికన్ ఆర్నితాలజిస్ట్స్ యూనియన్. చిన్నది కాలిఫోర్నియాలో 1893లో పుట్టిన కూపర్ ఆర్నితలాజికల్ సొసైటీ. కలిశాక అమెరికన్ ఆర్నితలాజికల్ సొసైటీ అని పేరు పెట్టుకున్నారు.

డేటాబేసులతో పొట్ట పోసుకునే నాకు ఈ గొడవ ఎందుకంటే, మా అమ్మాయి పదకొండో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం నా క్రెడిట్ కార్డు అడిగింది. మా కాపెల్‌లో పెరిగే తెలుగు పిల్లలు క్రెడిట్ కార్డు అడిగితే అది ఎస్.ఎ.టి. కోచింగుకో, కూచిపూడి అరంగేట్రం నగలకో అయి ఉంటుంది. ఇది పక్షుల సంఘంలో సభ్యత్వానికి. కాలేజీలో పక్షుల శాస్త్రమే చదువుతానని అంతకు నెల క్రితమే చెప్పింది. నేను విననట్టు ఊరుకున్నాను. ఇప్పుడు ఫారం ఎదురుగా ఉంది, ఊరుకోవడం కుదరదు. ఏ సంతకానికి ముందైనా చిన్న అక్షరాలు చదవడం నా వృత్తి నేర్పిన అలవాటు. ఆ అలవాటుతోనే ఆ సంఘం చరిత్ర, నియమాలు చదవడం మొదలుపెట్టాను. ఎంతమందిని ఏ గుమ్మం దాకా రానిచ్చారన్న లెక్క చూస్తుంటే, ఎక్కడో బాగా తెలిసిన కథలాగే అనిపించింది.

1883 సెప్టెంబరులో న్యూయార్కులోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో ఇరవై ఒక్కమంది కూర్చుని ఆ యూనియన్ పెట్టారు. రమ్మని పిలుస్తూ ఉత్తరం మీద సంతకం చేసింది ముగ్గురు: జోయెల్ ఆలెన్, విలియం బ్రూస్టర్, ఎలియట్ కౌజ్. ఈ మూడో ఆయన ఇంటిపేరు రాసేది ఒకలాగ, పలికేది అచ్చంగా మన కౌజుపిట్టలాగ. మా నాన్నకి ఈ సంగతి చెబితే, "ఇంకేం, పిట్టల సంఘానికి కౌజే పెద్ద అన్నమాట" అని తెగ నవ్వుకున్నాడు. నిజానికి మొదటి అధ్యక్షుడు ఆలెన్. ఒంట్లో బాగాలేక ఆయన ఆ సభకి రానేలేదు. రాకపోయినా ఆయన్నే ఎన్నుకున్నారు. మన సంఘాల్లో అయితే రానివాడికి ఉన్న పదవి కూడా ఊడుతుంది. మరుసటి ఏడు వాళ్ళ పత్రిక మొదలైంది. దానికి 'ఆక్' అని, అప్పటికే వేటాడి వేటాడి అంతం చేసిన ఒక సముద్రపక్షి పేరు పెట్టారు.

ఇక సభ్యత్వం సంగతి. మొదట్లో 'యాక్టివ్' సభ్యులు యాభైమందికి మించకూడదు. వాళ్ళు అమెరికా, కెనడా నివాసులై ఉండాలి. విదేశీ సభ్యులు పాతికమంది, ఉత్తర ప్రత్యుత్తరాల సభ్యులు వందమంది. ఆ తర్వాత 'అసోసియేట్'లు, వీళ్ళకి మాత్రం లెక్క లేదు, ఎంతమందైనా చేరవచ్చు. 1901లో యాక్టివ్‌కీ అసోసియేట్‌కీ మధ్య ఇంకో మెట్టు కట్టారు. పై మెట్టు వాళ్ళనే తర్వాత 'ఫెలో' అన్నారు. ఇప్పుడు ఎవరైనా రుసుము కట్టి సభ్యులు కావచ్చు. కాని ఫెలో అనిపించుకోవాలంటే చేసిన పని చూసి తోటివాళ్ళు ఎన్నుకోవాలి.

ఇది చదువుతుంటే నాకు మన బతుకే కనపడింది. ఎఫ్-1, హెచ్-1, హెచ్-4, గ్రీన్ కార్డు, పౌరసత్వం. ఒక్కో మెట్టుకీ ఒక కోటా, ఒక్కో కోటాకీ ఒక క్యూ. నా భార్య తిరుపతిలో వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం ఎమ్మెస్సీ చేసి వచ్చింది. ఈ దేశంలో ఏడేళ్ళు ఆమె కాగితాల మీద ఉన్న మాట 'డిపెండెంట్'. ఆ రోజుల్లో హెచ్-4 వాళ్ళు ఉద్యోగం చేయకూడదు. వాళ్ళలో కొందరికైనా ఆ అనుమతి దొరకడం 2015లో మొదలైంది. అప్పటికి మా ఇంట్లో గ్రీన్ కార్డు వచ్చేసింది, ఎమ్మెస్సీ సర్టిఫికెట్టు డ్రాయరు అడుక్కి చేరింది. ఇప్పుడు బడిలో టీచరుకి సహాయకురాలిగా పనిచేస్తోంది. పిల్లలకి కప్ప గుండెకి మూడు గదులని ఆమె చెప్పినంత బాగా ఎవరూ చెప్పలేరు. నేనన్న మాట కాదు, ఆ పిల్లలన్నదే.

ఆ యూనియన్ తొలి సభలోనే కమిటీలు వేశారు. పేర్ల వర్గీకరణకి ఒకటి, వలసలకి ఒకటి, ఇలా. అందులో ఒక కమిటీ పేరు చదివి నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. యూరప్ ఊరపిచ్చుక అమెరికాలో ఉండటానికి అర్హురాలా కాదా అని తేల్చే కమిటీ! అప్పటికి ముప్ఫై ఏళ్ళ క్రితం బ్రూక్లిన్‌లో చెట్ల పురుగుల్ని తింటుందని తెచ్చి వదిలారు దాన్ని. అది పురుగుల కన్నా గింజలు ఎక్కువ తిని, ఇక్కడి పిట్టల గూళ్ళు ఆక్రమించి, ఊళ్ళకి ఊళ్ళు నిండిపోయింది. కౌజ్‌గారు దాని మీద కత్తి కట్టినంత పనిచేశారు. బోస్టన్‌లో ఉండే థామస్ బ్రూవర్ అనే పక్షి శాస్త్రవేత్త దాని తరఫున వాదించాడు. చరిత్రలో దీన్ని 'పిచ్చుకల యుద్ధం' అంటారు. ఆనాటి రాతల్లో పిచ్చుక మీద వాడిన మాటలు, మన మీద అప్పుడప్పుడూ రేడియోల్లో వినపడే మాటలు ఒకే సంచీలోవి: బయటనుంచి వచ్చింది, మన తిండి తింటోంది, మరీ ఎక్కువ పిల్లల్ని కంటోంది.

మా ఊళ్ళో కోతలయ్యాక వరి కంకులు కుచ్చుగా కట్టి వసారా దూలానికి వేలాడదీసేవాళ్ళం, పిచ్చుకలు వచ్చి తినాలని. అదే పిచ్చుకకి ఇక్కడ విచారణ జరిగింది, తీర్పు దానికి వ్యతిరేకంగానే వచ్చింది. వలస పక్షుల్ని కాపాడటానికి 1918లో వచ్చిన చట్టం కూడా దానికి వర్తించదు. అయినా అది ఉండిపోయింది. చివరికి ఆ సంఘం వాళ్ళే తమ అధికారిక జాబితాలో దానికీ ఒక వరుస ఇచ్చారు. మా ఇంటికి నాలుగు వీధుల అవతల సూపర్‌మార్కెట్ పార్కింగులో, బండ్ల కింద బ్రెడ్డు ముక్కలేరుకుంటూ ఈ పూట కూడా తిరుగుతుంటుంది. దాన్ని చూస్తే జాలీ వేయదు, గర్వమూ కలగదు. బతకనేర్చినది అనుకుంటాను. దానివల్ల ఇక్కడి నీలిపిట్టలు గూళ్ళు పోగొట్టుకున్న మాట కూడా నిజమే. వలసవాడి కథలో ఈ రెండో సగం మనం సాధారణంగా చెప్పుకోము.

మొదటి సభలో కూర్చున్న ఇరవై ఒక్కరూ మగవాళ్ళే. 1885లో ఫ్లోరెన్స్ మెరియమ్ అనే కాలేజీ విద్యార్థినిని అసోసియేట్‌గా చేర్చుకున్నారు. ఆమె మొదటి మహిళా సభ్యురాలు. పడమటి రాష్ట్రాలన్నీ తిరిగి, పుస్తకాల మీద పుస్తకాలు రాసి, పెళ్ళయ్యాక ఫ్లోరెన్స్ మెరియమ్ బెయిలీ అయిన ఆమెని ఫెలోగా ఎన్నుకున్నది 1929లో. కింది మెట్టు నుంచి పై మెట్టుకి నలభై నాలుగేళ్ళు. మన గ్రీన్ కార్డు క్యూ గురించి ఎవరైనా వాపోతే నాకు ఈమె గుర్తొస్తుంది.

మా ఇంట్లో అందరికీ నచ్చింది మాత్రం మార్గరెట్ మోర్స్ నైస్. మా కాపెల్ నుంచి ఐ-35 ఎక్కి ఉత్తరంగా మూడు గంటలు పోతే ఓక్లహోమాలో నార్మన్ అనే ఊరు వస్తుంది. భర్త అక్కడ యూనివర్సిటీలో ప్రొఫెసర్. ఆమె ఇల్లు చూసుకునేది. 1919లో, గువ్వల వేట ఆగస్టులోనే మొదలుపెట్టుకోవచ్చు, అప్పటికి అవి పిల్లల్ని పెంచడం అయిపోతుంది అని కొందరు వాదిస్తుంటే పేపర్లో చదివింది. నిజమేనా అని బయటికి వెళ్ళి గూళ్ళు వెతికింది. సెప్టెంబరులోనే కాదు, అక్టోబరులో కూడా గూళ్ళలో పిల్లలున్నాయి. అక్కడ మొదలైన మనిషి, 1924లో భర్తతో కలిసి ఓక్లహోమా పక్షుల మీద పుస్తకం తెచ్చింది. తర్వాత ఒహాయోలో ఇంటి పక్క బీడులో పాటపిచ్చుకల కాళ్ళకి రంగు కడియాలు తొడిగి, ఏ పిట్ట ఏదో గుర్తుపడుతూ ఏళ్ళ తరబడి వాటి సంసారాలు రాసింది. ఐదుగురు ఆడపిల్లల్ని కన్నది, ఒక పిల్లని పోగొట్టుకుంది. జీతమిచ్చి పరిశోధన చేయించిన సంస్థ ఒక్కటీ లేదు. 1942లో యూనియన్ వాళ్ళు తమ అతిపెద్ద పురస్కారం బ్రూస్టర్ పతకం ఆమెకిచ్చారు.

ఇదంతా అమ్మాయి భోజనాల బల్ల దగ్గర చదివి వినిపించింది. నేను మామూలు ప్రశ్న వేశాను. "బాగానే ఉంది తల్లీ, ఉద్యోగం ఏమొస్తుంది?" నా భయం నాకుంది. కాపెల్‌లో ఇంటి పన్ను ఎంతో, కాలేజీ ఫీజు ఎంతో లెక్కలు వేసేవాడిని నేను. పిల్ల జవాబు చెప్పే లోపల నా భార్య పెరుగన్నం కలుపుతూనే అంది, "దానికి ఇష్టమైంది చదవనివ్వండి. ఈ ఇంట్లో ఒకరి ఎమ్మెస్సీ డ్రాయరులో ఉంది, చాలు."

ఇరవై ఏళ్ళలో ఆ మాట అంత సూటిగా ఆమె అనడం అదే మొదటిసారి. ఇక నేను ఆ ప్రశ్న మళ్ళీ వేయలేదు.

ఆ చలికాలం మా నాన్న ఆరునెలలకని వచ్చాడు. మాది 2022 దాకా నెల్లూరు జిల్లాలో ఉన్న నాయుడుపేట దగ్గర పల్లెటూరు. ఇక్కడికొచ్చే పెద్దవాళ్ళందరిలాగే మొదటి నెల ఆయన కిటికీకి అంటుకుపోయాడు. తర్వాత మనవరాలు ఆయన్ని వెంటేసుకుని డెంటన్ క్రీక్ ఒడ్డుకీ, పార్కులో చెరువు దగ్గరికీ తిప్పడం మొదలుపెట్టింది. ఆమె మెడలో బైనాక్యులర్స్, ఆయన నెత్తిన మంకీ క్యాప్. ఆమె ఇంగ్లీషు పేరు చెప్పేది, ఆయన తెలుగు పేరు చెప్పేవాడు. తెల్లకొంగని చూసి, "ఇది మన కొంగే కదా బుజ్జమ్మా, దీనికి వీసా ఎవరిచ్చార్రా?" అన్నాడు. నిజంగానే అక్కడా ఇక్కడా పుస్తకాల్లో దాని శాస్త్రీయ నామం ఒకటే. డాలస్ వైట్ రాక్ లేక్‌కి చలికాలంలో తెల్ల పెలికాన్లు వస్తాయి. వాటిని చూసి ఆయన ఒడ్డునే బెంచీ మీద గంట కూర్చుండిపోయాడు. "గూడబాతులు రా! మన నేలపట్టులో ఉండేవి బూడిదరంగు, ఇవి సున్నం కొట్టినట్టున్నాయి."

నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద ఆ గూడబాతులు గూళ్ళు కట్టుకుంటాయి. సర్కారు అభయారణ్యం అని బోర్డు పెట్టకముందు నుంచే ఊరివాళ్ళు వాటిని కొట్టనివ్వరు. వాటి రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పారితే పైరు బలంగా వస్తుందని వాళ్ళకి తెలుసు. పిట్టలు గూళ్ళలో ఉన్న రోజుల్లో టపాకాయలు కాల్చొద్దని పిల్లల్ని గదమాయించే పెద్దవాళ్ళని నాన్న ఎరుగును. ఇవన్నీ అమ్మాయి నోట్‌బుక్కులో రాసుకుంది. రాసుకుని అడిగింది. "నాన్నా, వాళ్ళు ఏ కేటగిరీ సభ్యులు అవుతారు?"

నవ్వి వదిలేసే ప్రశ్న కాదది. ఆ యూనియన్ వేసిన వలసల కమిటీకి తొలి రోజుల్లో సమాచారం పంపినవాళ్ళలో దీపస్తంభాల కాపలాదార్లున్నారు. రాత్రిపూట దీపానికి కొట్టుకుని పడ్డ పక్షుల్ని లెక్కపెట్టి రాసి పంపేవాళ్ళు. వచ్చిన కాగితాలు గుట్టలైపోయి, వాటిని సర్దడం సంఘం వల్ల కాక ప్రభుత్వాన్ని ఆశ్రయించారు. 1885లో అలా మొదలైన చిన్న సర్కారు విభాగమే పెరిగి పెరిగి ఈనాటి ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్‌లో కలిసింది. ఆ కాపలాదార్లు ఏ మెట్టు మీదా లేరు. మెట్లకి పునాది వాళ్ళు.

మన కడప జిల్లాలో అంతకన్నా పెద్ద ఉదాహరణ ఉంది. కలివికోడి. మద్రాసు సైన్యంలో డాక్టరుగా ఉంటూ నెల్లూరులో కూడా పనిచేసిన జెర్డాన్ ద్వారా పందొమ్మిదో శతాబ్దం నడుమ అది శాస్త్రానికి తెలిసింది. ఇంగ్లీషులో ఆయన పేరే పెట్టారు, జెర్డాన్స్ కోర్సర్ అని. 1900 తర్వాత జాడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అనే యువకుడు బొమ్మలు పట్టుకుని ఊరూరా తిరిగి అడిగాడు. 1986 జనవరిలో, లంకమల అడవి అంచున రెడ్డిపల్లి దగ్గర, ఐతన్న అనే వేటగాడు రాత్రి టార్చి వెలుగులో ఆ పిట్టని చేత్తో పట్టుకుని తెచ్చాడు. శాస్త్రానికి ఎనభై ఆరేళ్ళు కనపడని పక్షి అది. కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి కలివికోడి అని ఆ పల్లెల్లో దానికి పేరు కూడా ఉంది. దాని కోసం లంకమలలో అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి మారింది. మళ్ళీ చాలా ఏళ్ళు మాయమై, 2025 ఆగస్టులో కడప ప్రాంతంలో దాని కూత రికార్డయింది.

మా ఇంట్లో అసలు వాదన వచ్చింది ఈ పేర్ల దగ్గరే. 2023 నవంబరులో అమెరికన్ సొసైటీ ఒక నిర్ణయం ప్రకటించింది. తమ పరిధిలో మనుషుల పేర్లు పెట్టుకున్న పక్షులన్నిటికీ ఆ ఇంగ్లీషు పేర్లు తీసేసి, పక్షిని బట్టి కొత్త పేర్లు పెడతామని, ముందు అమెరికా, కెనడాల్లో ఉన్న డెబ్బై ఎనభై పక్షులతో మొదలుపెడతామని, పేర్లు పెట్టడంలో మామూలు జనాన్ని కూడా కలుపుకుంటామని. దీనికి మూలం మా టెక్సస్‌లోనే ఉంది. 1851లో ఇక్కడ మెకౌన్ అనే సైనికాధికారి ఒక పిట్టని కొట్టాడు, దానికి ఆయన పేరు పెట్టారు. తర్వాత అంతర్యుద్ధంలో ఆయన బానిసత్వం కోసం పోరాడిన పక్షాన జనరల్ అయ్యాడు. పేరు మార్చమని అడిగితే సంఘం కమిటీ మొదట కాదంది. 2020లో మార్చింది, ఇప్పుడది లావుముక్కు పిట్ట.

సంఘం రెండుగా విడిపోయినంత పనైంది. వ్యతిరేకిస్తూ వేలమంది సంతకాలు చేశారు. అమ్మాయి మార్చాలనే పక్షం. నేను డేటాబేసు మనిషిని కాబట్టి నా భయం చెప్పాను. యాభై ఏళ్ళ రికార్డుల్లో ఉన్న పేరు మారిస్తే పాత లెక్కలు కొత్త లెక్కలకి ఎలా అతుకుతాయి? అది నవ్వి, "నాన్నా, ఇంగ్లీషు పేరు ప్రైమరీ కీ కాదు, లాటిన్ పేరు కీ. అది ఎవరూ మార్చడం లేదు" అంది. నిజమే, మెకౌన్ పేరు లాటిన్‌లో అలాగే ఉంది. నా పాఠం నాకే చెప్పింది.

నాన్న మా ఇద్దరినీ విని మెల్లగా అన్నాడు. "ఏందిరా మీ గోల. ఆ కడప పిట్టకి దొర పేరు తీసేసినా కలివికోడి అనే వాళ్ళు కలివికోడి అనే అంటారు. అది ఉందా లేదా అన్నది కదా చూసుకోవాల్సింది."

అసలు లెక్క అదే. ఉత్తర అమెరికాలో 1970 నుంచి దాదాపు మూడు వందల కోట్ల పక్షులు తగ్గిపోయాయని 2019లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. అన్నిటికన్నా ఎక్కువ నష్టపోయినవి పచ్చికబయళ్ళ పక్షులు. మా కాపెల్, దాని చుట్టూ ఉన్న ఊళ్ళు, వరసగా ఇటుక ఇళ్ళు, మూడు కార్ల గరాజులు, గుళ్ళు, బిర్యానీ హోటళ్ళు, ఇవన్నీ లేచింది ఒకప్పటి అలాంటి బయళ్ళ మీదే. ఇళ్ళు కట్టుకోకూడదని నేననను, నేనూ ఒకటి కొనుక్కున్నవాడినే. ఏది ఎంత పోయిందో లెక్క రాసేవాళ్ళు ఉండాలి అంటాను. రాయడం నేర్చుకున్నవాళ్ళు, నేర్చుకోకుండానే చూసినవాళ్ళు, ఇద్దరూ కూర్చునే చోటు ఉండాలి. సంఘం అంటే నాకిప్పుడు అర్థమైనంతలో అదే. మెట్లు ఎన్ని ఉన్నా తలుపు తీసి ఉండటం. ఆ యాభైమంది హద్దు చెరిపి, ఎవరైనా రావచ్చు అనడానికి వాళ్ళకి చాలా కాలం పట్టింది. పట్టినా చేశారు. మనవాళ్ళం మన సంఘాల్లో వేదిక మీద కుర్చీల సంఖ్య పెంచుతాం గాని, కింద కూర్చున్నవాడికి తెలిసిందేమిటని అడగం.

నాన్న వెళ్ళిపోయేముందు అమ్మాయి నోట్‌బుక్కులో అరవై మూడు తెలుగు పేర్లు చేరాయి. తీతువు, లకుముకి, పూరేడు, జెముడుకాకి. కొన్ని నేను ఎన్నడూ విననివి, కొన్నిటికి ఏ పిట్టో ఇంకా తేలలేదు. వాటి ఎదురుగా ఖాళీ వదిలింది. నా భార్య రాత్రిపూట తన పాత పుస్తకాలు దించి, ఆ ఖాళీలు ఒక్కొక్కటే పూరించడానికి కూర్చుంటోంది. ఇరవై ఏళ్ళ తర్వాత లాటిన్ పేర్లు ఆమె నోట వినపడుతున్నాయి.

అమ్మాయి ఇప్పుడు యూనివర్సిటీలో రెండో ఏడు చదువుతోంది. నాలుగు నెలల క్రితం సభ్యత్వం పునరుద్ధరించుకోవాల్సిన సమయం వచ్చింది. నా కార్డు మీద ఆ ఖర్చు కనపడలేదేమని ఫోన్ చేసి అడిగాను. క్యాంపస్ మ్యూజియంలో పక్షుల నమూనాలకి చీటీలు రాసే పని చేస్తోందట. ఆ డబ్బుతో విద్యార్థి సభ్యత్వం తనే కట్టుకుంది.